కర్పూరం ఆర్పని కామాక్షయ్య

కామాక్షయ్య షెడ్డుకి బండి తెచ్చేవాళ్ళు పాటించాల్సిన నియమం ఒక్కటే. ఇంజను ఆపకూడదు, నోరు ఆపాలి. బండి ఎక్కడ చెడిందో, ఎవరేమన్నారో, బావమరిది బండికి ఇలాగే అయితే ఏం చేశారో చెప్పబోయినవాళ్ళకు ఆయన ఎడమచెయ్యి ఎత్తి చూపిస్తాడు. రోడ్డు మీద బస్సును ఆపినట్టు ఉంటుంది ఆ చెయ్యి. తర్వాత రేకు గోడకు ఆనించిన కర్రముక్క తీసుకుని, ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవి మీద పెట్టి కళ్ళు మూసుకుంటాడు.

కోట ఊరి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో, వరి చేలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యే చోట ఉంది ఆ షెడ్డు. రేకుల మీద తుప్పు తప్ప రంగు కనపడదు. బోర్డు లేదు. గుంటలవాళ్ళ జీపులు, ట్రాక్టర్లు, కార్లు, నీళ్ళు తోడే ఇంజన్లు అన్నీ అక్కడికే వస్తాయి.

ఆ సోమవారం నరేంద్రబాబు ఆ నియమం తప్పాడు. కారు తెచ్చి షెడ్డు ముందు నిలిపి, తాళం తిప్పి ఇంజను ఆపేసి, దిగి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇంజను ఆపబాకండి బాబూ" అన్నాడు కామాక్షయ్య లోపలి నుంచి.

"ఆపేసినాలే. ఇప్పుడు నువ్వు వినాల్సింది ఇంజను కాదు, నా మాట."

నరేంద్రబాబుది వరి పండించే ఇల్లు. ఆయన హయాంలోనే చేలు గుంటలయ్యాయి. నలభై ఏళ్ళు కూడా లేవు గానీ, చుట్టుపక్కల గుంటలవాళ్ళు ఏ మేత వాడాలో, ఏ మెకానిక్కు దగ్గరికి పోవాలో ఆయన్ను చూసి నేర్చుకుంటారు. రొయ్యలు వేసినప్పటి నుంచి ఆయనకు అనుమానం అలవాటైపోయింది. రొయ్యపిల్ల మంచిదేనా, మేతలో ఊక కలిపారా, కాపలావాడు కునుకు తీశాడా, పక్క గుంటవాడు జబ్బు నీళ్ళు ఇటు వదిలాడా. సరుకంతా నీళ్ళ కింద కంటికి కనపడకుండా ఉంటే ఎవడికైనా అంతే.

"పోయినసారి రొయ్యల పట్టుబడి ముందర టైమింగ్ చైను, టెన్షనరు మార్చినావు గదా" అన్నాడు. టెన్షనరంటే ఇంజను లోపల చైను సడలకుండా నొక్కి పట్టే చిన్న ముక్క. "కొన్నాళ్ళకే గలగలా శబ్దం మొదులైంది. నిన్న చిల్లకూరు కాడ హైవే మింద షెడ్డులో చూపించినా. కొత్తదని చెప్పి పాత టెన్షనరే బిగించినారంట."

"విప్పి చూసినాడా?"

"విప్పలా. విన్నాడు."

"నన్ను విననీకుండా ఆపేసినారే."

ఎదురుగా టీబంకులో వెంకయ్య గ్లాసులు కడగడం ఆపాడు. కుళాయి కూడా కట్టేశాడు. ఆయన బంకులో కూర్చున్న ఇద్దరూ ఇటు తిరిగారు.

నరేంద్రబాబు గొంతు పెంచలేదు. "కామాక్షన్నా, నేను నిన్ను దొంగ అన్లా. శుక్రవారం పొద్దున పోలేరమ్మ గుడి కాడికి రా. కొత్తదే ఏసినానని కర్పూరం ఆర్పి సత్యం చెయ్యి. చేస్తే నా నోట ఇంకో మాట రాదు. చెయ్యకపోతే బండి హైవే షెడ్డుకి పోతాది. నలుగుర్ని తీసుకపోయి వాళ్ళ ముందరే ఇంజను విప్పిస్తా."

వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకు ఆ ఊళ్ళలో ఇప్పటికీ తిరుగులేదు. గట్టు తగాదా అయినా, వల మాయమైన తగాదా అయినా స్టేషనుకు పోయేముందు గుడి దగ్గరికే పోతారు. ఆర్పినవాణ్ణి మళ్ళీ ఎవరూ ఏమీ అడగరు. ఆర్పనివాణ్ణి కూడా ఎవరూ ఏమీ అడగరు, కాకపోతే వాడి గడప తొక్కడం మానేస్తారు.

"బండి ఈడ వదిలిపెట్టండి. చూసి చెప్తా" అన్నాడు కామాక్షయ్య.

"వదిలిపెడితే రాత్రికి రాత్రి ముక్క మార్చేస్తే?"

నరేంద్రబాబు కారెక్కి ఇంజను వేశాడు. ఆ కొద్ది క్షణాలు శబ్దం వినపడింది. చంటిబిడ్డ చేతిలో గిలక ఆడినట్టు, అదీ ఒక తీరుగా కాకుండా, ఆగి ఆగి. కారు కదలగానే పోయింది. కామాక్షయ్య కర్ర పట్టుకుని రోడ్డు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"ఏం కామాక్షన్నా, ఆర్పుతావా?" అని బంకులోంచి వెంకయ్య అడిగాడు. "ఆర్పేటట్టయితే ముందే చెప్పు. శుక్రవారం బంకు మూసేసి వస్తా."

కామాక్షయ్య పుట్టింది బెస్తపాళెంలో. తండ్రి తెప్ప మీద వేటకు పోయేవాడు. నీళ్ళలో తెడ్డు నిలువుగా దించి, పిడికి చెవి ఆనించి, కింద గొరకలు ఉన్నాయో లేవో చెప్పేవాడు. గొరక చేప గొంతులో గొరగొరమంటుంది. గుంపుగా ఉంటే ఆ చప్పుడు కొయ్య వెంట పైకి వస్తుంది. "మాట్లాడతా వింటే ఏమీ వినపడదు" అనేవాడు తండ్రి. కొడుక్కి చేపల కంటే ఇంజన్ల మీద మనసు పోయింది. పడవలకు మోటార్లు వచ్చాక ఇసకలో కూర్చుని వాటిని విప్పడం, బిగించడం తనంతట తనే నేర్చుకున్నాడు. గుంటలు వచ్చాక నీళ్ళ ఇంజన్లు, ఆ తర్వాత గుంటలవాళ్ళ కార్లు. తండ్రి పోయాక ఆయన తెడ్డు పిడి వైపు నుంచి మూరెడు కోసి తెచ్చుకున్నాడు. షెడ్డులో ఉన్న కర్ర అదే. పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టి వినేవాళ్ళు ఉన్నారు. ఇనుము అన్ని శబ్దాలూ కలిపి చెబుతుంది, కొయ్య వేరు చేసి చెబుతుంది అని ఆయన లెక్క.

అలాంటి మనిషికి ఒక గలగల ఎక్కడి నుంచి వస్తుందో తెలియలేదు. అడిగినవాడు దాన్ని చూడనివ్వకుండా పట్టుకుపోయాడు.

సాయంత్రం ఇంటికి పోయి పెరట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, సంగతి అప్పటికే పేరమ్మ దాకా వచ్చేసింది. ఆమె కామాక్షయ్య భార్య. వార్తలు ఆమెను వెతుక్కుంటూ వస్తాయి.

"ఆ చెంబుతో ముంచుకో, చెయ్యి పెట్టబాక. తొట్టి నిండా నీళ్ళుండాయి" అంది. సిమెంటు తొట్టికి అడుగున నీళ్ళు వదిలే కన్నం ఒకటుంది. ఎన్ని గుడ్డపేలికలు కుక్కినా పొద్దుటికి సగం కారిపోయేది. ఈ మధ్యనే ఆమెకు సరైన బిరడా ఒకటి దొరికింది. చుక్క కారడం లేదని ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ తొట్టి చూపించింది.

"శుక్రవారమంట గదా" అంది.

"ఊఁ."

"అబద్ధం కానప్పుడు ఆర్పేదానికేం? చెయ్యి కాలదులే. ముందుగా తడి చేసుకో."

"చెయ్యి సంగతి కాదు మే. ఆ శబ్దం యాడి నుంచి వస్తా ఉండాదో నాకు తెలవదు."

"నిన్ను అడిగింది శబ్దం గురించి కాదే. ముక్క కొత్తదా పాతదా అని."

కామాక్షయ్య చెంబు కింద పెట్టాడు. అసలు బాధ అక్కడే ఉంది. టెన్షనరు డబ్బాలోంచి తీసి బిగించింది తనే. కానీ గూడూరు స్పేరుపార్టుల అంగట్లో ఆ డబ్బా తన చేతికి వచ్చినప్పుడు మూత మీది కాగితం ఒక పక్క లేచి ఉండింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ లేచిన కాగితం తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. వాడి పారేసిన పాత ముక్కను ఎవడో పెట్రోలుతో కడిగి డబ్బాలో పెట్టి ఉంటే? తన చేతి గురించి సత్యం చేయగలడు, డబ్బా గురించి ఎలా చేస్తాడు?

పేరమ్మ ఆయన ముఖం వంకే చూస్తూ నిలబడింది. "యోవ్" అంది కాస్త గొంతు తగ్గించి. "నిజంగా కొత్తదే ఏసినావా?"

కామాక్షయ్య భుజం మీది తుండుతో చేతులు తుడుచుకుని, తుండు దండెం మీద వేసి, ముందు గదిలోకి పోయి కూర్చున్నాడు. అన్నం పెట్టినప్పుడు కూడా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె చారు రెండుసార్లు పోసింది.

మర్నాడు షెడ్డు తెరిచాక పని మీద చెయ్యి ఆడలేదు. ఎవరిని తలుచుకున్నా అనుమానమే. గూడూరు అంగడివాడు నవ్వుతూ మాట్లాడాడు, ఎందుకు నవ్వాడు? హైవే షెడ్డువాడు విప్పకుండానే టెన్షనరని ఎలా చెప్పాడు? నలుగురి ముందర విప్పినప్పుడు వాడి చెత్తబుట్టలోంచి ఒక అరిగిన ముక్క తీసి చూపిస్తే కాదనేవాడెవడు? నరేంద్రబాబుకు తన మీద ఏదన్నా కోపం ఉందా? చివరికి తనమీదే వచ్చింది అనుమానం. ఆ రోజు ఒక్కొక్క బోల్టు బిగించడం గుర్తు చేసుకోబోతే, చేతులు కనపడుతున్నాయి గానీ చేసింది కనపడటం లేదు.

బుధవారం పొద్దున మోపెడ్ మీద గుంటల దగ్గరికే పోయాడు. కర్రా, టార్చీ, పానాల సంచీ తీసుకుపోయాడు.

నరేంద్రబాబు గట్టు మీద, చెక్ ట్రేలు పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు. కామాక్షయ్యను చూడగానే ఆయన కళ్ళు ముందు సంచీ మీద పడ్డాయి.

"సత్యం శుక్రవారం గదా. ఈ పొద్దే వచ్చినావే?"

"శబ్దం వినాల. బండి యాడ తిరుగుతాదో ఆడే వినాల. మీరు కూడా కూర్చోండి. నేను తాళం ముట్టుకోను."

"ఆ సంచిలో ఏముండాదో ముందు చూపించు."

కామాక్షయ్య సంచీ బోర్లించాడు. పానాలు, కటింగ్ ప్లేయరు, కట్టు తీగ, గోనెపట్టా ముక్క. నరేంద్రబాబు ఒక్కొక్కటీ కాలితో పక్కకు జరిపి చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

ఇద్దరూ కారెక్కారు. నరేంద్రబాబు నడిపాడు, కామాక్షయ్య పక్కన కూర్చుని అద్దం దించాడు. గట్టంతా తెల్లగా ఉంది. ఉప్పు నేలలో గ్రావెలు తోలితే ఒక్క వానకే దిగిపోతుందని, పులికాటు వైపు నుంచి గుల్లపెంకులు తెప్పించి పరిపించాడు నరేంద్రబాబు. చక్రాల కింద అవి పటపటా విరుగుతున్నాయి. కారు మామూలు వేగంతో పోతుంటే ఇంజను శబ్దం బాగానే ఉంది. నిదానం చేస్తే గిలక మొదలైంది. గుంట మూల మలుపు తిరుగుతుంటే గిలక ఆగి, ఇంకో రకంగా మొదలైంది.

"ఇంకోసారి తిప్పండి. అవతలి పక్కకి."

తిప్పాడు. మళ్ళీ మారింది.

కామాక్షయ్యకు సోమవారం నుంచి మొదటిసారి ఊపిరాడింది. చైను శబ్దమైతే బండి నిలబడినా మలుపు తిరిగినా ఒకటే తీరు. మలుపుతోపాటు మారేది బిగించి ఉన్న వస్తువు కాదు, లోపల విడిగా దొర్లేది. కానీ ఆ మాట పైకి అనలేదు. అంటే అనుమానం, అనకపోయినా అనుమానం.

చెట్టు నీడ ఏదీ లేదు గనక మేత కొట్టం పక్కన నీడలో కారు ఆపించాడు. ఇంజను ఆపొద్దన్నాడు. బానెట్ ఎత్తి, సైలెన్సరు పైపు మీది రేకును కర్రతో నొక్కి పట్టాడు. ఈ ఉప్పు గాలికి ఆ రేకు బోల్టుల దగ్గర తుప్పు పట్టి గలగలమనడం మామూలే. నొక్కినా శబ్దం పోలేదు. క్లచ్ తొక్కమన్నాడు. తొక్కినా, వదిలినా తేడా లేదు. తర్వాత కర్రను చైను ఉండే వైపు పెట్టి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అక్కడ కుట్టుమిషను నడుస్తున్నట్టు నున్నటి శబ్దం. కర్రను ఇంజను రెండో కొసకు, గేరుబాక్సు కలిసే చోటుకు తెచ్చాడు. గిలక చెవిలోనే మోగింది.

కర్ర నరేంద్రబాబు చేతికి ఇచ్చాడు.

"నేను వినాల్నా?"

"వినండి. నేను మాట్లాడను."

నరేంద్రబాబు వంగి ఒక వైపు విన్నాడు, ఇంకో వైపు విన్నాడు. నిటారుగా నిలబడి కర్రను తిప్పి తిప్పి చూశాడు. కొసలో కన్నం ఉందేమోనని గోటితో గీకాడు.

"ఇందులో ఏమన్నా పెట్టినావా?"

"మా నాయన తెడ్డది."

నరేంద్రబాబు ఆ కర్ర కింద పెట్టి, కొట్టంలోకి పోయి, చెక్ ట్రేలు కట్టే వెదురు ఒకటి విరిచి తెచ్చుకున్నాడు. దానితో మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. చైను వైపు చాలాసేపు ఆగాడు. గేరుబాక్సు వైపు ఇంకా ఎక్కువసేపు ఆగాడు. లేచాక చెవి మీద గ్రీజు మరక ఉంది.

"ఈడుండాది" అన్నాడు గేరుబాక్సు వైపు చూపిస్తూ, తనే కనిపెట్టినట్టు.

కామాక్షయ్య ఇంజను ఆపించి, గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా కారు కిందికి దూరాడు. ఇంజను కింద ఉండాల్సిన ప్లాస్టిక్ గార్డు లేదు.

"గార్డు ఏది బాబూ?"

"నేనే తీయించినా. గట్టు మింద బురద ఈడ్చకొస్తా ఉంటే."

ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ గిన్నె బోర్లించినట్టు ఒక భాగం ఉంటుంది. లోపల ఫ్లైవీలనే బరువైన పళ్ళ చక్రం తిరుగుతుంటుంది. దాని పక్కన వేలు పట్టేంత కన్నం. కామాక్షయ్య టార్చి వేశాడు. కన్నం తెరిచి ఉంది. దాని అంచు చుట్టూ పొడి. క్లచ్ అరిగితే వచ్చే పొడి నల్లగా ఉంటుంది. ఇది తెల్లగా ఉంది. వేలు పెట్టి తీసి, ఉమ్ముతో తడిపి రెండు వేళ్ళ నడుమ రుద్దాడు. తమలపాకుకు రాసుకునే సున్నం లాగా జిగటగా సాగింది.

అడుగు రేకు బోల్టులు తీసి రేకు కిందికి వంచాడు. గోనెపట్టా మీద జలజలా రాలాయి గుల్లపెంకులు. ఫ్లైవీలు పళ్ళకు తగిలి తగిలి అంచులు అరిగి గోలీల్లాగా అయినవి కొన్ని, పిండి అయినవి కొన్ని. కారు చక్రం ఎగరేసిన ముక్కలకు అడ్డం పడే గార్డు లేదు, కన్నానికి మూత లేదు.

రేకు బిగించి ఇంజను వేయమన్నాడు. గిలక లేదు. నరేంద్రబాబు యాక్సిలరేటరు తొక్కి వదిలి, తొక్కి వదిలి చూశాడు. గట్టు చివరి దాకా పోయి తిరిగి వచ్చాడు. దిగేటప్పుడు ఆయన ముఖంలో పట్టు కొంచెం సడలింది.

"నా గుల్లలేనా?" అన్నాడు. "నేను పరిపించిన గుల్లలే నా బండిలో దూరినాయా?"

కామాక్షయ్య మళ్ళీ కారు కిందికి వంగి కన్నం వంకే చూస్తున్నాడు. ఆ కన్నానికి రబ్బరు బిరడా ఉండాలి. ఇప్పుడు లేదు. "హైవే షెడ్డోళ్ళు కింద చెయ్యి పెట్టినారా?" అని అడిగాడు.

"వాళ్ళు కిందికే దూరలా. బానెట్ కూడా నేనే ఎత్తినా. నేను ఎవుర్నీ నమ్మను గదా."

కామాక్షయ్య చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. అప్పుడు ఆ సాయంత్రం మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది. చైను ఎక్కించేటప్పుడు ఇంజను తిరగకుండా ఆ కన్నంలోంచే కడ్డీ దూర్చి ఫ్లైవీలును ఆపాడు. బిరడా పీకి, కింద పెడితే దొర్లిపోతుందని జేబులో వేసుకున్నాడు. పట్టుబడికి ఐసు లారీ వచ్చేసిందని నరేంద్రబాబు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. అన్నీ బిగించి, కడ్డీ లాగి, బండి ఇచ్చేశాడు. పడవ ఇంజన్లకూ, నీళ్ళ ఇంజన్లకూ అలాంటి కన్నం ఉన్నా మూత ఉండదు. ఆయన చేతులు ఎన్నో ఏళ్ళు నేర్చుకున్నది మూత లేని పనే. ఆ చొక్కా మర్నాడు పేరమ్మ ఉతుకులోకి పోయింది. ఆ తర్వాతే తొట్టి కారడం మానింది.

"ఇంకేం కామాక్షన్నా" అన్నాడు నరేంద్రబాబు. ఆయనలో ఉషారు వచ్చింది. "టెన్షనరు బాగుండాదని నా చెవుల్తోనే విన్నా. శుక్రవారానికి పిలవాల్సినోళ్ళని పిలిచేసినా, వద్దంటే బాగుండదు. వచ్చి ఆర్పేసి పో. తప్పు గుల్లలది, నాది. నీకేం భయం?"

అంతకంటే సులువైన సత్యం ఉండదు. ముక్క బాగుంది. గుల్లలు ఆయనవే. గార్డు ఆయనే తీయించాడు. అన్నీ నిజాలే. కర్పూరం ఆర్పి ఆ మాట చెబితే దేవత కూడా తప్పు పట్టదు. కన్నం సంగతి ఎవరూ అడగలేదు, అడగరు కూడా.

కామాక్షయ్య పానాలు సంచీలో వేసుకున్నాడు. "మా ఇంటిదాకా రండి బాబూ. బండిది ఒక సామాను ఆడుండాది."

నరేంద్రబాబు ముఖం మళ్ళీ బిగుసుకుంది. "నా బండి సామాను నీ ఇంట్లో ఎందుకుండాది?"

"వస్తే తెలస్తాది."

పెరట్లో పేరమ్మ బియ్యం చెరుగుతోంది. గుంటల యజమాని తమ వాకిట్లోకి రావడం చూసి చేట పక్కన పెట్టి లేచింది. కామాక్షయ్య తొట్టి దగ్గరికి పోయి, చొక్కా చెయ్యి పైకి లాక్కుని, భుజం దాకా నీళ్ళలోకి దించి, అడుగున తడిమి లాగాడు.

"ఏందయ్యా అది? ఇప్పుడే గదా నింపినా" అంది పేరమ్మ. నీళ్ళు కన్నంలోంచి భళభళా పోతున్నాయి. అరటి పాదు దాకా కాలవ కట్టాయి.

ఆయన అరచెయ్యి చాపాడు. నల్ల రబ్బరు బిరడా. "ఇది మీ బండిది. ఆ కన్నానికి ఉండాల్సింది. నేను తీసి పెట్టడం మరిచిపోయినా. ఇది ఉండి ఉంటే గార్డు లేకపోయినా గుల్ల లోపలికి పొయ్యేది కాదు. శబ్దం నా వల్లనే."

పేరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిరడా ఆమెకు ఆ చొక్కా జేబులోనే దొరికింది. అడిగితే ఇవ్వనంటాడేమోనని అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ చెప్పదలచుకోలేదు.

నరేంద్రబాబు బిరడా తీసుకుని వాసన చూశాడు. కామాక్షయ్య ముఖం చూశాడు, పేరమ్మ ముఖం చూశాడు. తొట్టిలో నీళ్ళు అడుగంటాయి.

"నేనే నీ తప్పు లేదంటా ఉంటే, ఇంటిదాకా తీసుకొచ్చి తప్పు చూపిస్తా ఉండావు" అన్నాడు నెమ్మదిగా. "ఇంత చిన్నది ఒప్పుకుంటా ఉండావంటే లోపల ఇంకేదో పెద్దది ఉండాదన్నా. ఏంది అది?"

పేరమ్మ కొంగు తీసేసింది. "ఏం మనిషివయ్యా బాబూ నువ్వు? చెప్పకపోతే దొంగ, చెప్తే గజదొంగనా? మీ రొయ్యలు ఎట్టా పెరుగుతా ఉండాయో గానీ."

"నువ్వు ఉండు మే" అన్నాడు కామాక్షయ్య. నరేంద్రబాబు బిరడా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం పోలేరమ్మ గుడి ముందు అనుకున్నదానికంటే ఎక్కువమందే చేరారు. వెంకయ్య నిజంగానే బంకు మూసేసి వచ్చాడు. పూజారి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. నరేంద్రబాబు చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. అందరూ కామాక్షయ్య చెయ్యి వంక చూస్తున్నారు.

ఆయన చెయ్యి చాపలేదు. "టెన్షనరు నేను డబ్బాలోంచి తీసి బిగించినా. కొత్తదనే బిగించినా. డబ్బాలో ఏం పెట్టినారో నాకు తెలవదు, విన్నంత వరకు బాగుండాది. దానికి ఆర్పమంటే ఆర్పుతా. అయితే శబ్దం దాని వల్ల రాలా. కన్నానికి బిరడా పెట్టకుండా బండి ఇచ్చినా, గుల్ల దూరింది. తప్పు నాది. ఈ రెండో మాట మింగేసి మొదటి మాటకి కర్పూరం ఆర్పితే, నేను ఇంకే తప్పూ చేయలేదని మీరనుకుంటారు. అట్టా అనుకోబాకండి."

అందరూ ఒకేసారి మాట్లాడారు. డబ్బా సంగతి ఏంటని ఒకడు, గుల్ల ఎలా దూరుతుందని ఒకడు, తన ట్రాక్టరుకు కూడా ఏదన్నా మరిచిపోయాడేమోనని ఇంకొకడు. ఆ గోలలో పళ్ళెం వంక ఎవరూ చూడలేదు. కర్పూరం తనంతట తనే మండి అయిపోయింది.

"నేను బంకు మూసేసి వచ్చింది దీనికా" అన్నాడు వెంకయ్య.

నరేంద్రబాబు జేబులోంచి బిరడా తీసి కామాక్షయ్య చేతిలో పెట్టాడు. "బండి బయట ఉండాది. దీన్ని పెట్టు. నేను చూస్తా ఉంటా."

ఆ తర్వాత కొందరు షెడ్డుకి రావడం మానేశారు. తమ బళ్ళలో ఏ బిరడాలు లేవో అని ఇళ్ళ దగ్గరే వెతుక్కున్నవాళ్ళు ఉన్నారు. ఏమీ దొరకకపోతే అనుమానం ఇంకా పెరిగింది. హైవే షెడ్డుకి పోయి తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు. పేరమ్మ ఆయన చొక్కాలన్నిటికీ జేబులు మూసి కుట్టేసింది. తొట్టికి మళ్ళీ గుడ్డపేలికే.

వానలు మొదలయ్యేముందు షెడ్డు ముందు ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆగింది ట్రాక్టరే, ఇంజను కాదు. నరేంద్రబాబు దిగి, ఏమీ మాట్లాడకుండా స్టూలు లాక్కుని కామాక్షయ్య చేతులు కనపడేచోట వేసుకుని కూర్చున్నాడు. పని అయిందాకా లేవలేదు. వెంకయ్య తెచ్చిన టీ కూడా ఒక కన్ను ఇటు వేసి తాగాడు.

అంతా బిగించాక కామాక్షయ్య చేతులు తుడుచుకుని, అడగకముందే ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"జేబు" అన్నాడు నరేంద్రబాబు.

"కుట్టేసినారు బాబూ."

నరేంద్రబాబు లేచి, కుట్టు మీద బొటనవేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నిదానంగా నొక్కి చూశాడు. లోపల ఏమీ తగల్లేదు. అయినా ఇంకోసారి నొక్కి చూసి, ట్రాక్టరెక్కాడు.